చెరువు నెంబరు

ఆ వానాకాలం మా ఇంట్లో మొదటి గొడవ దోమల మందు మిషను గురించి వచ్చింది.

హాల్లో సరిగ్గా పనిచేసే ప్లగ్గు ఒక్కటే. మా గదిలోది వదులు, వైరు పట్టుకుని నిలబడితే గాని కరెంటు అందదు. వంటింట్లోది తడి తగిలే చోట ఉంది. కాబట్టి బడిలో మా తులసికి ఇచ్చిన ట్యాబుకి హాల్లోనే ఛార్జింగు పెట్టాలి. మా అత్తగారు మహాలక్ష్మమ్మగారి దోమల మందూ అక్కడే పెట్టాలి.

“మళ్ళీ పీకేసేవా మామ్మా? చూడు, నాలుగు శాతం ఉంది!”

“నీ నాలుగు ఎవడిక్కావాలే? నన్ను నాలుగొందలు కుట్టేయి.”

“రాత్రికి లెక్కల పాఠం చూడాలి. చూడకపోతే స్టెల్లా టీచర్ ఊరుకోరు.”

“మేమూ వెళ్ళేమమ్మా బడికి, రెండో తరగతి దాకా. పలకకి కరెంటు పెట్టడం ఎరగం. ఉమ్మేసి తుడుచుకునేవోళ్ళం, అంతే.”

తులసి నవ్వకూడదని చూసి, ఆపుకోలేక, కోపంగానే నవ్వింది. నేను మధ్యలోకి వెళ్ళి తొమ్మిదింటి దాకా ట్యాబు, తరవాత దోమల మందు అని తేల్చాను. నేను పెట్టే నియమాలు మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. పాటించేవాళ్ళు తక్కువ. అరగంట తరవాత చూస్తే ప్లగ్గులో మందు సీసా ఎర్రలైటుతో వెలుగుతోంది, పక్కన ట్యాబు చచ్చిపోయి ఉంది. ఆ పూట పాఠం చూడలేదు. నేను గోడ మీది క్యాలెండరులో ఆ బుధవారం గడిలో ‘ప్లగ్గు’ అని రాశాను. సిలిండరు వచ్చిన రోజు, అత్తయ్యగారి బీపీ మాత్రలు మార్చిన రోజు, కరెంటు పోయిన రోజు, అన్నీ అందులో రాయడం నాకు అలవాటు. ఎవరు ఎన్నిసార్లు పీకారో రేపు వాదన వస్తే రుజువు ఉండాలని అది కూడా రాశాను.

ఆ ప్లగ్గుకీ మూడు కిలోమీటర్ల అవతల ఉన్న మా రొయ్యల చెరువుకీ సంబంధం ఉందని అప్పుడు ఎవరైనా చెబితే నేనూ నవ్వేదాన్నే.

నేను కె.గంగవరం వైపు పిల్లని. వరి చేలు చూసి పెరిగాను, బీయస్సీ చదివాను. పెళ్ళై సఖినేటిపల్లి దాటి ఈ ఉప్పునీళ్ళ ఊరికి వచ్చాకే చెరువులకి కూడా ఊపిరి కావాలని తెలిసింది. నీళ్ళలో గాలి కలపడానికి మోటారుకి బిగించిన చక్రాలు ఉంటాయి. సాయంత్రం నుంచి తెల్లారేదాకా అవి తెల్లటి రెక్కలతో నీళ్ళు చిమ్ముతూ తిరగాలి. గంటసేపు ఆగినా రొయ్య పైకి తేలిపోతుంది.

ఆ చక్రాలని ఇంట్లో కూర్చునే తిప్పడానికి మా చెరువు గట్టు మీది కాపలా గదిలో, అదే మకాంలో, ఒక రేకు డబ్బా ఉంది. గోదావరి అవతల నర్సాపురంలో మోటార్లు బాగుచేసే అంజిబాబు కట్టి ఇచ్చాడు. డబ్బాలో అద్దం పగిలిన పాత బటన్ల ఫోను, దాన్నుంచి స్టార్టరుకి నాలుగు వైర్లు. ఆ ఫోనుకి రింగిస్తే చక్రాలు తిరుగుతాయి. మళ్ళీ రింగిస్తే ఆగుతాయి. కంపెనీవాళ్ళు అమ్మే డబ్బాలైతే ఎవరి నెంబరు నుంచి వచ్చిందో చూసుకుంటాయట. మాది చూసుకోదు. ఎవరు చేసినా తిరుగుతుంది. దానికి ఉన్న తాళం ఒక్కటే. ఆ నెంబరు మా ఇంట్లో పెద్దవాళ్ళం నలుగురికీ, గట్టు మీద కాపలా ఉండే తాతబ్బాయికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తాళం తీసింది నేను.

జూలైలో బడివాళ్ళు ట్యాబులో పిల్లల పేర్లు ఎక్కించడానికి ఇంటికొక ఫోను నెంబరు అడిగారు. దానికి అంకెలు వస్తాయి, అవి చెప్పాలి. మా మామగారు వెంకటస్వామిగారు ఆ మాట వినగానే కంచంలో చెయ్యి ఆపేశారు. కిందటేడు పక్క వీధిలో ఒకావిడ ఫోనులో ఎవరికో అంకెలు చెప్పి బ్యాంకులో ఉన్నదంతా పోగొట్టుకుంది. అప్పట్నుంచి మా ఇంట్లో నెంబరు అంటే బీరువా తాళంతో సమానం.

“ఒకళ్ళకి ఇస్తే ఊరందరికీ ఇచ్చినట్టే అమ్మాయ్. ఏ నెంబరూ ఇవ్వడానికి వీల్లేదు. అంతగా అయితే ఆ పలక తిరిగిచ్చెయ్యండి. అది లేకుండా చదువుకున్నోళ్ళు లేరా?”

ఉన్నారు. కానీ మా తులసి తొమ్మిదో తరగతి. బడిలో లెక్కల మాస్టారు బదిలీ అయి వెళ్ళి ఏడాదైంది, ఇంకొకరు రాలేదు. దానికి లెక్కలు చెప్పేది ఆ ట్యాబు ఒక్కటే. తిరిగిచ్చెయ్యండన్న మాట విని అది లేచి చెయ్యి కడుక్కుంది. ఏడ్చి ఉంటే నేను ఓదార్చి ఊరుకునేదాన్నేమో.

నేను రెండు రోజులు ఆలోచించాను. మామయ్యగారి భయమంతా బ్యాంకు గురించి. బ్యాంకుతో సంబంధం లేని నెంబరు మాకు ఒకటి ఉంది. ఎవరూ మాట్లాడరు, ఎవరూ తాకరు. తాతబ్బాయి భోజనానికి వెళ్ళిన మధ్యాహ్నం మకాంలోకి వెళ్ళి, డబ్బా తెరిచి, ఆ సిమ్ తీసి నా ఫోనులో వేసుకున్నాను. అంకెలు వచ్చాయి. ట్యాబుల సంగతి చూసే స్టెల్లా టీచర్‌కి చెప్పాను. సిమ్ తీసి యథాస్థానంలో పెట్టేశాను. పది నిమిషాల పని. మామయ్యగారి మాటా దక్కింది, పిల్ల చదువూ ఆగలేదు. ట్యాబు ఎలా పనిచేస్తోందని ఎవరూ అడగలేదు. ఎంత తెలివిగా చేశానో అనుకుని ఆ సాయంత్రం పకోడీలు వేశాను.

ప్లగ్గు గొడవ జరిగిన మర్నాడు, గురువారం సాయంత్రం, తాతబ్బాయి సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. మామయ్యగారు రేవులో మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు నడిపిన రోజుల్లో అతను ఆయన దగ్గర తాళ్ళు విసిరేవాడు. ఇప్పటికీ ఆయన్ని సరంగుగారనే పిలుస్తాడు.

“సరంగుగారండీ, చక్రాలు వాటంతటయ్యే తిరిగేయండి! తిరిగేయి, ఆగేయి, మళ్ళీ తిరిగేయి. మకాంలో పురుగన్నా లేదండి. నేను గట్టు మీద బీడీ ముట్టించుకుంటన్నాను.”

“బీడీయేనా? ఇంకేమన్నా పట్టించేవా?”

“గంగానమ్మ మీద ఒట్టండి.”

“ఎన్నింటికి?” అని అడిగాను నేను.

“బడి పిల్లలు సైకిళ్ళ మీద ఎళ్తన్నారమ్మా. నాలుగున్నరవుద్ది.”

మా ఆయన శివాజీ ఇంట్లో అందరినీ అడిగారు, ఎవరైనా చెరువుకి ఫోను చేశారా అని. ఎవరం చెయ్యలేదు. మర్నాడు అంజిబాబు వచ్చి డబ్బా విప్పి చూసి మూసేశాడు.

“తేడా ఏం లేదండి. రింగైతేనే తిరుగుద్ది. ఎవరో రాంగ్ నెంబరు చేసుంటారు.”

“మూడుసార్లా?” అన్నాను.

“వదలరు కదండీ కొందరు,” అని నవ్వాడు. “ఏ పెళ్ళాన్ని బతిమాలుకుంటన్నాడో పాపం.”

అందరూ నవ్వారు. అత్తయ్యగారు మాత్రం చెరువు గట్టున కొబ్బరికాయ కొట్టించారు. నాకు ఆ క్షణంలో బడి గుర్తుకు రాలేదు. ఇది నిజం. దీని తరవాత వచ్చే విషయంలో ఈ మాట చెప్పలేను.

ఆ గురువారానికి పన్నెండు రోజుల తరవాత, మంగళవారం, తాతబ్బాయి గుండెల లోతు నీళ్ళలో నిలబడి చక్రాలకి చుట్టుకున్న నాచు తీస్తున్నాడు. మధ్యాహ్నం చక్రాలు ఆపి ఉంచారు. నీళ్ళలోకి దిగేముందు మకాంలో మెయిన్ స్విచ్చి దించాలి. అది అందరికీ తెలుసు, ఎవరూ దించరు. డబ్బా ఆపి ఉంటే చాలనుకుంటారు. నాలుగున్నరకి చక్రం తిరిగింది. అతని కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా చీలిపోయింది. ఆగింది. అతను చెయ్యి లాక్కున్నాడు. మళ్ళీ తిరిగింది.

మధ్యలో అది ఆగిన ఆ కాస్తలో లాక్కోకపోతే ఏమయ్యేదో రాజోలు ఆసుపత్రిలో డాక్టరుగారు చెప్పారు. పదకొండు కుట్లు పడ్డాయి.

“మెయిన్ ఎందుకు దించలేదు తాతబ్బాయీ?” అని అడిగాను.

“ఆ నెంబరు మనకే గదమ్మా తెలుసు,” అన్నాడు.

మామయ్యగారు ఆసుపత్రిలో అతని పక్కనే కూర్చున్నారు, టీ తాగించారు, ఆటోలో ఇంటి దగ్గర దింపారు. కానీ మనసులో ఒకటి అనుకున్నారు. అతను తాగి, తనే ఆన్ చేసి, మరిచిపోయి దిగాడని. మొదటిసారి వచ్చి చెప్పింది కూడా తాగే అని. అనుకున్నాక ఆయన మాట మార్చుకునే మనిషి కాదు.

“ఇంక గట్టు మీద ఉండకు రా. ఈసారి చెయ్యి కాదు, మనిషే పోతాడు. నా చేతులతో నిన్ను మొయ్యలేను.”

తాతబ్బాయి గొడవ పడలేదు. నర్సాపురంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోవడానికి సర్దుకున్నాడు. వెళ్ళేముందు టార్చిలైటూ మకాం తాళమూ ఇవ్వడానికి పెరటివైపు వచ్చాడు. కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడుతోంది.

“నేను ముట్టుకోలేదమ్మా. మీరైనా నమ్మండి.”

“ఆయ్,” అన్నాను. టార్చీ తాళమూ అందుకున్నాను.

అతను వెళ్ళాక క్యాలెండరు ముందు నిలబడ్డాను. ఎందుకు వెళ్ళి నిలబడ్డానో తెలియదు. ‘ప్లగ్గు’ అని నాలుగు చోట్ల ఉంది. ఒకటి బుధవారం, మర్నాడు గురువారం చక్రాలు తిరిగాయి. ఒకటి సోమవారం, మర్నాడు మంగళవారం తాతబ్బాయి చెయ్యి. మిగిలిన రెండూ శనివారాలు. శనివారం మర్నాడు బడి లేదు.

చదవని పాఠానికి బడివాళ్ళు ఏదో పంపిస్తున్నారు. ఏం పంపిస్తారు, మెసేజే కదా. మెసేజ్ వస్తే రింగవదు కదా. ఆ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. స్టెల్లా టీచర్‌ని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడిగితే తెలిసిపోతుంది. తెలిస్తే చెప్పాలి. చెబితే ట్యాబు వెళ్ళిపోతుంది. పైగా ఆ చెయ్యి చీలిన పాపం నాదవుతుంది.

అడగలేదు. దానికి బదులు రాజోలు వెళ్ళి అత్తయ్యగారికి మంచి దోమతెర కొని కట్టాను. “పెళ్ళికూతురి మంచంలా ఉందే,” అని ఆవిడ మురిసిపోయారు. దోమల మందు అటక ఎక్కింది. ప్లగ్గు తులసిది అయిపోయింది. రోజూ అది బడి నుంచి రాగానే ట్యాబు లాక్కుని నేనే ఛార్జింగు పెట్టేదాన్ని. అన్నం తినే లోపు పాఠం పూర్తయిందా అని రెండుసార్లు అడిగేదాన్ని.

“ఏంటమ్మా ఇంత శ్రద్ధ? కలెక్టర్ని చేసేస్తావా?” అంది తులసి.

“లెక్కలు రాకపోతే ఎలా?” అన్నాను.

పద్దెనిమిది రోజులు చక్రాలు వాటంతట అవి తిరగలేదు. నేను తప్ప అందరూ హాయిగా ఉన్నారు. నాలుగింటికల్లా నా చేతిలో పని ఆగిపోయేది. గోడ గడియారం చూస్తూ వంటింటి గుమ్మంలో నిలబడేదాన్ని. నాలుగున్నర దాటి పది నిమిషాలయ్యాక, ఫోను మోగి చెడ్డ మాట ఏదీ రాకపోతే, అప్పుడు స్టవ్ వెలిగించేదాన్ని. సంబంధం లేదని నమ్మినదాన్నే అయితే ఎందుకు కాపలా కాశాను?

“చూసేవా?” అనేవారు మామయ్యగారు. “వాడు పోయేడు, చక్రాలు ఆగేయి.”

మా ఆయనకి గట్టు మీద మనిషి దొరకలేదు. మేత చల్లడం, నాచు తియ్యడం, అన్నీ తనే చేసుకుంటున్నారు. “మెయిన్ దించి దిగండి,” అని రోజూ చెప్పేదాన్ని. “ఆయ్,” అనేవారు. ఆ ఆయ్ ఎలాంటిదో నాకు తెలుసు.

మూడో వారంలో వాయుగుండం పట్టింది. గురువారం మధ్యాహ్నం నుంచి గాలి. కొబ్బరి మట్టలు తెగి తీగల మీద పడి కరెంటు పోయింది. చెరువుకి జనరేటరు పెట్టారు. ఇంట్లో దీపాలే. శుక్రవారం సాయంత్రానికి ట్యాబు ఆరిపోయింది. ఊళ్ళో ఎవరింట్లోనూ కరెంటు లేదు, ఎక్కడికి పట్టుకెళ్ళను? క్యాలెండరులో ‘కరెంటు లేదు’ అని రాస్తుంటే పెన్ను జారిపోయింది.

శనివారం బడిలో తల్లిదండ్రుల సమావేశం, మూడున్నరకి. అప్పుడు అడిగేద్దామనుకున్నాను. నెమ్మదిగా, మామూలు మాటలా. “ఈ రోజు మేత కోసం రాజోలు వెళ్తాను,” అన్నారు మా ఆయన. చెరువులో ఎవరూ దిగరు. ఆ సంగతి చూసుకునే బయల్దేరాను. రెండింటికి కరెంటు కూడా వచ్చింది.

సమావేశం అయ్యేసరికి నాలుగు దాటింది. అందరూ వెళ్ళేదాకా ఆగి స్టెల్లా టీచర్ బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆవిడే మొదలుపెట్టారు.

“ఉషారాణిగారూ, మిమ్మల్నే పిలుద్దామనుకుంటున్నానండి. మీ అమ్మాయి బంగారం. కానీ మా ఫోనులు మీరు ఎత్తట్లేదు.”

“ఏ ఫోనులండీ?”

“పాఠం చూడని రోజు మర్నాడు ఇంటికి ఫోను వెళ్తుంది కదండీ. మీ అమ్మాయి నిన్న పాఠం చూడలేదు అని రికార్డు చేసిన మాట. ఎత్తకపోతే మళ్ళీ చేస్తుంది. మూడుసార్లు చేసి వదిలేస్తుంది. మీది రెండు రోజులు ఎత్తలేదని వచ్చింది, ఇదిగో.”

ఆవిడ చూపించిన తేదీలు నాకు చూడకుండానే తెలుసు.

“ఎన్నింటికండీ చేస్తుంది?”

“నాలుగున్నరకి. ఈ రోజూ వెళ్తుంది. కరెంటు లేక సగం మంది పిల్లలు చూడలేదు కదా, అందరికీ వెళ్తుంది.”

“ఆపండి.”

“అయ్యో, అది నా చేతిలో లేదమ్మా. కంప్యూటరు చేస్తుంది. నెంబరు మార్చినా సోమవారం గాని మారదు. ఏమైందండీ? అలా అయిపోయేరేంటి?”

గోడ మీద నాలుగూ పది. మా ఆయన రాజోల్లో ఉన్నారు, కంగారెందుకని నాకు నేను చెప్పుకుంటూ ఫోను తీశాను. ఫోనులో ‘తులసి నాన్న’ అన్న పేరుకి సరిగ్గా పైన ‘చెరువు’ అన్న పేరు ఉంటుంది. బొటనవేలు దాని మీదికే వెళ్ళింది. తగలబోయి ఆగింది. నొక్కి ఉంటే ఆ పని బడివాళ్ళకంటే ముందు నేనే చేసేదాన్ని. ఫోను బల్ల మీద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుని, మళ్ళీ తీసి ఆయనకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఇంటికి చేశాను. అత్తయ్యగారు ఎత్తారు.

“శివాజీయా? రాజోలు ఎక్కడికే, కరెంటు వచ్చింది కదా. గాలికి చక్రాల నిండా నాచూ చెత్తా పట్టేసిందట. చెరువులోకి దిగేడు. ఇందాకే వెళ్ళేడు.”

స్టెల్లా టీచర్‌కి ఏం చెప్పానో నాకు సరిగ్గా గుర్తులేదు. ఆ నెంబరు మనిషిది కాదు, మోటారుది అన్నట్టున్నాను. ఆవిడ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. స్కూటీ తాళాలు తీసుకుని పరుగెత్తారు.

కాలవ గట్టు దారంతా బురద. తెగిపడిన మట్టలు. రెండుచోట్ల దిగి మట్టలు లాగి దారి చేశాను. ఆవిడ బండి నడుపుతూ పెదాలతో ప్రార్థన చేసుకుంటున్నారు, అద్దంలో కనిపిస్తోంది. నేను ఏ దేవుణ్ణీ తలుచుకోలేకపోయాను. తాతబ్బాయి చెయ్యే కనిపిస్తోంది, ఆ చేతికి మా ఆయన ఉంగరం ఉన్నట్టు.

గట్టు ఎక్కేసరికి ఆయన చెరువు మధ్యలో ఉన్నారు. గుండెల లోతు నీళ్ళు. చొక్కా గట్టు మీద, జేబులో ఫోను. రెండు చేతులూ చక్రం రెక్కల మధ్య పెట్టి నాచు లాగుతున్నారు. ముఖం రెక్కకి ఆనించి ఉంది, లోపలికి చూడటానికి.

అరిచాను. సముద్రపు గాలి నా అరుపుని వెనక్కి తీసుకుపోయింది. ఆయన తల తిప్పలేదు.

మకాంలోకి వెళ్ళాను. మెయిన్ పెట్టె తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నా చేతులు తడి, కాళ్ళు తడి. మూల ఉన్న ఖాళీ మేత సంచీ చేతికి చుట్టుకుని, తలుపు ఊడదీసి, ఆ ఇనప పిడిని రెండు చేతులతో కిందికి లాగాను. రాలేదు. ఒంటి బరువంతా వేసి వేలాడాను. ఠప్పుమని దిగింది. మకాంలో బల్బు ఆరిపోయింది.

నేను ఆ పిడిని వదల్లేదు. వదిలితే అదే పైకి లేస్తుందన్నట్టు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు రేకు డబ్బాలో ఫోను మోగింది. లోపల తుమ్మెద చిక్కుకున్నట్టు డబ్బా అంతా జుంజుమని అదిరింది. ఆగింది. ఎన్ని క్షణాలో తెలియదు. మళ్ళీ మోగింది. ఆగింది. మా ఆయన బల్బు ఆరడం చూసి గట్టెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, చేతినిండా నాచు పట్టుకుని. మూడోసారి మోగింది. ఆయన వెనక నిలబడిన స్టెల్లా టీచరుతో సహా ముగ్గురం ఆ డబ్బా వైపే చూశాం.

ఆయన చేతిలో నాచు కింద పడేశారు.

“నీకెలా తెలుసు?”

“ఆ నెంబరు బడికి ఇచ్చేనండి. జూలైలో.”

ఆయన లుంగీ అంచు పిండుకున్నారు. పిండిందే మళ్ళీ పిండుకున్నారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“ఇంట్లో అనకు,” అన్నారు చివరికి. “డబ్బా పాడైందని చెబుతాను. తీయించేస్తాను. అయిపోయింది కదా.”

“మరి తాతబ్బాయి?”

ఆయన బయటికి వెళ్ళి గట్టు మీది చొక్కా తీసుకున్నారు. గుమ్మం బయట స్టెల్లా టీచర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. “సోమవారం పొద్దున్నే మీ నెంబరు పెట్టేస్తానండి,” అన్నారు, ఆ చేతి వెనక నుంచే.

ఆ పూట ఆనపకాయ పులుసు పెట్టాను. ఉప్పు రెండుసార్లు వేశానేమో, తులసి మొదటి ముద్దకే నా వైపు చూసి మంచినీళ్ళు తాగింది. మా ఆయన చెప్పాల్సింది చెప్పేశారు. డబ్బాలో తేడా ఉందనీ, రేపు అంజిబాబుని పిలిచి తీయించేస్తాననీ, ఇకమీదట చేత్తోనే వేసుకుందామనీ. ఎక్కడా అబద్ధం చెప్పినట్టు వినిపించలేదు.

“డబ్బాకేం తేడా?” అన్నారు మామయ్యగారు. “ఆ తాతబ్బాయే వెళ్తూ వెళ్తూ ఏదో చేసుంటాడు. ఇరవయ్యేళ్ళు కలిసి తిరిగేను, మనిషి ఇలాటోడనుకోలేదు.”

మా ఆయన తల దించుకుని అన్నం కలుపుతున్నారు. ఆ రెండు చేతులూ కంచం దగ్గర ఉన్నాయి. కుడిది కలుపుతోంది, ఎడమది మోకాలి మీద ఉంది. నేను వాటినే చూస్తూ పులుసు గరిటె గిన్నెలో పెట్టేశాను.

“తాతబ్బాయి ఏం చెయ్యలేదు మామయ్యగారూ.”

“నీకేం తెలుసమ్మా?”

“ఆ నెంబరు బడిలో ఇచ్చింది నేను. పాఠం చూడని రోజు మర్నాడు వాళ్ళు ఫోను చేస్తారు. మూడుసార్లు. అందుకే తిరిగేయి. అతని చెయ్యి తెగేక నాకు అనుమానం వచ్చింది. వచ్చినా అడగలేదు, చెప్పలేదు. ఈ రోజు మీ అబ్బాయి నీళ్ళలో ఉండగా వచ్చింది ఫోను.”

అత్తయ్యగారి గ్లాసు పళ్ళెంలో ఒరిగి నీళ్ళు పారాయి. ఎవరూ తుడవలేదు. మా ఆయన తల ఎత్తలేదు.

“రేపు నేను నర్సాపురం వెళ్తాను,” అన్నాను. “తాతబ్బాయి కూతురి ఇంటికి. అతను తాగలేదని, తప్పు నాదని అతని ముందే చెబుతాను. బడిలో ఇకమీదట నా నెంబరు ఉంటుంది. ఆ ఫోను నేను ఎత్తుతాను.”

తులసి లేచి వెళ్ళి ట్యాబు తెచ్చింది. తాతయ్య కంచం పక్కన నేల మీద పెట్టింది.

“సోమవారం ఇచ్చేస్తాను తాతయ్యా. అమ్మని ఏం అనకండి.”

మామయ్యగారు ఆ నల్లటి అద్దం వైపు చూశారు. కంచంలో అన్నం మీద ఆయన వేళ్ళు కదలకుండా ఉన్నాయి.

“పదకొండు కుట్లు,” అన్నారు.

ఎడం చేత్తో ట్యాబు అంచు తట్టారు.

“దీనికి ఛార్జింగు ఉందా?”

“లేదు తాతయ్యా. నిన్నట్నుంచీ లేదు.”

“వెళ్ళి పెట్టుకో.”

తులసి నమ్మలేక నా వైపు చూసింది. నేనూ నమ్మలేదు. అది ప్లగ్గు దగ్గరికి వెళ్ళాక ఆయన మజ్జిగ కోసం కంచం ముందుకి జరిపారు. నా ముఖం చూడలేదు.

“మొదటి పంటు ఆరున్నరకి,” అన్నారు. “నువ్వొక్కదానివీ వెళ్తే వాడు రాడు. నేనూ వస్తాను.”